ఆ మాట అంటే కప్పులు కడగాలి

ఇల్లు తనది, చెల్లెలూ తనదే. ఆ చెల్లెలి గది తలుపు ముందు బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠాణీలు ఒలుస్తున్న అమ్మాయి మాత్రం ఎవరో అతనికి అంతుపట్టలేదు.

“ఎవరండీ మీరు? ఇక్కడెందుకు కూర్చున్నారు?”

“ఒక కప్పు,” అందామె తలెత్తకుండా.

“టీ కావాలా? మా అమ్మనడగండి.”

“తాగే కప్పు కాదు, కడిగే కప్పు. మీకొకటి పడింది.”

“నేనెందుకు కడగాలి?”

“రెండు.”

అతనికి ఒళ్ళు మండింది. అతను లిఫ్ట్ మెకానిక్. పొద్దున్నుంచీ ఒక ఆసుపత్రి లిఫ్టు గుంటలో వంగి వంగి నడుం పడిపోయి ఇంటికొచ్చాడు. వచ్చేసరికి ఈ కప్పుల లెక్కేమిటని అరిచాడు.

అరుపు విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. “నెమ్మదిరా! వెనక వీధిలో సెంటర్ ఉంది చూడు, ఇల్లు దాటని పిల్లల కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం నడుపుతున్నారే, అక్కణ్ణుంచి వచ్చింది. నేనే రమ్మన్నా. అక్కడ పిల్లలంతా కప్పులక్క అంటారట.”

“వచ్చి బఠాణీలు ఒలిస్తే మన పిచ్చుక బయటికొస్తుందా?”

కప్పులక్క ఇంకో కాయ ఒలిచింది. ఒక గింజ జారి తలుపు కిందనుంచి గదిలోకి దొర్లిపోయింది. ముగ్గురూ అటే చూశారు.

చెల్లెల్ని ఇంట్లో పిచ్చుక అనేవారు. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. అలాంటిది, పోయిన వానాకాలం ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మళ్ళీ వానలొచ్చినా ఆ తలుపు తెరుచుకోలేదు. గుమ్మం దగ్గర పెట్టిన అన్నం, ఇల్లంతా పడుకున్నాక లోపలికి వెళ్ళేది. ఖాళీ పళ్ళెం బయటికి వచ్చేది. డాక్టరు దగ్గరికి పోదామంటే అటునుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నాన్న లేని ఇంట్లో నాన్నంతటి అన్నయ్య రోజూ ఆ తలుపు బాది అడిగేవాడు. ఎందుకు రావు? ఎందుకు మాట్లాడవు? నీకేం తక్కువ చేశామని ఇలా చేస్తున్నావు? గొంతు పోయేదే కానీ గడియ కదిలేది కాదు.

వెళ్ళబోతూ కప్పులక్క మెట్ల వైపు నడిచింది. అది నాలుగో అంతస్తు.

“లిఫ్ట్ బాగానే పనిచేస్తోందండీ. నేనే చూస్తా దాన్ని. మెట్లు ఎం…” మూడో కప్పు కళ్ళముందు కనబడి నాలిక కరుచుకున్నాడు.

ఆమె మొదటిసారి నవ్వింది. “నాకు లిఫ్టంటే భయం. గురువారం సాయంత్రం సెంటర్‌కి వచ్చి మీ రెండు కప్పులూ కడిగి పోండి.”

*

రెండు కప్పులకి భయపడి కాదు, నాలుగు మాటలు దులుపుదామని వెళ్ళాడతను. పరుపుల దుకాణం పైన పొడవాటి హాలు. ఒక మూల ఇద్దరు అమ్మాయిలు సైకిలు చక్రం విప్పి బిగిస్తున్నారు. గోడవార తల్లులు ఒకరి ఫోన్లో ఇంకొకరు తలదూర్చి నవ్వుకుంటున్నారు. అతని కళ్ళు మాత్రం చివర్న ఉన్న పొడుగు సింకు దగ్గర ఆగిపోయాయి.

అక్కడ వరసగా నాన్నలు నిలబడి ఉన్నారు.

చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతిదాకా నురగతో, అందరూ కప్పులు కడుగుతున్నారు. భారీ మనిషి ఒకాయన, బస్సు డ్రైవరు, పక్కాయనతో అంటున్నాడు: “మొన్న మావాడు నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడండీ. నేనేం మాట్లాడలేదు. ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.” పక్కాయన తలూపి, ఆయన చేతిలో ఇంకో కప్పు పెట్టాడు. డ్రైవరు కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు.

దులుపుదామనుకున్న నాలుగు మాటలూ అతను మర్చేపోయాడు. ఇంతమంది మగవాళ్ళు ఒకచోట చేరి ఇలా మాట్లాడుకోవడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

“మీ వాటా,” అంటూ కప్పులక్క రెండు కప్పులు తెచ్చింది.

“ఇన్ని కప్పులున్నాయి, ఒక మెషీన్ కొనొచ్చుగా?”

“కొంటే ఇక సెంటర్ మూసుకోవాల్సిందే.” ఆమె గొంతు తగ్గించింది. “నాన్నల్ని కుర్చీలో కూర్చోబెట్టి మీ బాధేంటని అడిగితే ట్రాఫిక్ గురించి చెప్తారు. చేతికి పనిచ్చి పక్కపక్కన నిలబెడితే వాళ్ళే చెప్పుకుంటారు.”

“మరి ఆ మాట మీద మీకంత పగేంటి?”

“ఈ పిల్లలు వాళ్ళ పేరుకన్నా ఆ మాటే ఎక్కువసార్లు విన్నారండీ. ఇంట్లో, స్కూల్లో, ఆసుపత్రిలో. జవాబు తెలిస్తే వాళ్ళు మాత్రం చెప్పరా?”

అతను కప్పు కడిగాడు. కడిగిందే మళ్ళీ కడిగాడు. రోజూ ‘ఎందుకు, ఎందుకు’ అంటూ తలుపు బాదిన తన చేతులు ఆ నురగలో అతనికే పరాయివిగా కనబడ్డాయి.

*

మనసు మారినంత తేలిగ్గా ఓపిక రాదు. వారానికి రెండుసార్లు ఆమె రావడం, ఏదో ఒకటి ఒలుచుకుంటూ తలుపుతో కబుర్లు చెప్పడం, తలుపు పలక్కపోవడం. చూసి చూసి ఒకనాడు అతను పనిసంచీ తెచ్చి, స్క్రూడ్రైవర్ తీసి, తలుపు బందుల స్క్రూల దగ్గర పెట్టాడు.

“ఇవాళ తలుపే ఊడదీస్తా. ఎన్నాళ్ళని చూడను?”

కప్పులక్క లేవలేదు. “ఒకటి చెప్పండి. లిఫ్ట్ మధ్యలో ఆగిపోయి లోపల మనిషి ఇరుక్కుంటే, ముందు తలుపు లాగేస్తారా?”

“లాగం. అదెంత ప్రమాదమో తెలుసా? లిఫ్టు పెట్టె ఫ్లోర్‌కి సమంగా లేనప్పుడు తలుపు తీస్తే మనిషి కంగారులో దూకుతాడు, జారి గుంటలో పడతాడు. ముందు పెట్టెని మెల్లగా లెవెల్‌కి తెస్తాం.”

“అందాకా లోపలి మనిషితో ఏమంటారు?”

“నేనిక్కడే ఉన్నా, ఎక్కడికీ పోను అంటాం. ఏవో కబుర్లు చెప్తాం.”

“లిఫ్ట్ ఎందుకెక్కావని అడుగుతారా?”

ఆ మాట ఆమె కావాలనే అంది. ఆ సంగతి అతనికి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం చేతిలో స్క్రూడ్రైవర్ బరువెక్కింది. తన బతుకుతెరువు తనకి నేర్పిన విద్యే అది. ఊళ్ళో వాళ్ళందరికీ పంచి, సొంత చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాడు. ఈ మనిషి ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని చేస్తున్నది బఠాణీలు ఒలవడం కాదు. కనబడని పెట్టెని వెంట్రుకవాసి వెంట్రుకవాసి చొప్పున లెవెల్‌కి తెస్తోంది. అతనికి ఆమెకి దణ్ణం పెట్టాలనిపించింది. స్క్రూడ్రైవర్ సంచీలో పడేసి, ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

“పిచ్చుకా,” అన్నాడు తలుపుతో, గొంతు సర్దుకుని. “నేనిక్కడే ఉన్నానే. ఎక్కడికీ పోను.”

లోపల మంచం కిర్రుమంది.

*

ఆ తర్వాత ఇద్దరూ కలిసి కూర్చోవడం మొదలైంది. అతను లిఫ్టు కథలు చెప్పేవాడు. ఇరుక్కుపోయి భయంతో పాటలన్నీ పాడేసిన బ్యాంకు మేనేజరు కథ, లిఫ్టులో తనే రోజూ ఆరో అంతస్తుకి వెళ్ళొచ్చే పిల్లి కథ. ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఆ నవ్వు కోసం అతను లేని కథలు కూడా పుట్టించడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. నాలుగంతస్తులు ఎక్కి వచ్చిన ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అతను తువ్వాలు అందించబోయి వంటగుడ్డ అందించాడు.

“ఇది… అంటే… తువ్వాలు… మీరు తడి… తడిసి…”

“తడిశాను. తెలుస్తోంది.”

“కాదు, టీ… టీ పెట్టనా అని…”

అప్పుడు తలుపు అవతల నుంచి, వాడక తుప్పుపట్టిన చిన్న గొంతు వినబడింది.

“అన్నయ్యా… అ… అక్కొస్తే చాలు… నీకు నత్తి ఎందుకొస్తుంది?”

వాన చప్పుడు కూడా ఆగినట్టయింది. వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె పడింది. అతను కప్పులక్క వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. అయినా పని మర్చిపోలేదు.

“ఒక కప్పు,” అంది.

“మోసం! నాకు… రూలు తెలీదు.”

“ఇన్నాళ్ళూ అన్నీ వింటూనే ఉన్నావుగా!”

లోపల మంచం మళ్ళీ కిర్రుమంది. తర్వాత, “ఎ… ఎప్పుడు కడగాలి?”

“గురువారం.”

గురువారం గడియ తీసిన చప్పుడు వినబడినప్పుడు ఎవరూ పరిగెత్తలేదు. అమ్మ తుడిచిన స్టవ్వే మళ్ళీ తుడుస్తూ నిలబడింది. పిచ్చుక బయటికొచ్చి, గుమ్మంలో చెప్పులు తీసి దుమ్ము దులిపి వేసుకుంది. ఎంత చిక్కిపోయిందో! అతను కళ్ళు తిప్పుకుని, “వాన తగ్గింది, పదండి,” అన్నాడు. అంతకంటే గొప్ప మాటేదీ అతనికి దొరకలేదు.

*

సెంటర్లో పిచ్చుకకి సింకు దగ్గర బస్సు డ్రైవరు పక్కన చోటు దొరికింది. ఎవరూ ఏమీ అడగలేదు. సగం కప్పు కడిగాక ఆమే చెప్పింది. “కాలేజీలో సెమినార్ చెప్తుంటే నాకు నత్తి వచ్చింది అంకుల్. ఎవరో… వీడియో తీశారు. అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. అందరూ… నవ్వారు.”

వెనక కప్పులు తుడుస్తున్న అన్నయ్య చేయి ఆగిపోయింది. ఏడాది పొడుగునా తలుపు బాదినా రాని మాట, ఒక సబ్బునురగ దగ్గర దానంతటదే వచ్చేసింది.

డ్రైవరు తాపీగా కప్పు తొలిచాడు. “నాకూ చిన్నప్పట్నుంచీ నత్తేనమ్మా. అందుకే హారన్ అంత ఎక్కువ కొడతా.”

పిచ్చుక కిసుక్కున నవ్వింది. తర్వాత పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో వినబడి ఎంత కాలమైందో! తల్లుల మధ్య కూర్చున్న అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అతనిక ఆగలేకపోయాడు. చేతిలో తుడిచే గుడ్డతోనే కప్పులక్క ముందుకెళ్ళాడు. ఈసారి నత్తి రాలేదు.

“మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది.”

ఆమె తెల్లబోయింది. “నన్నా? ఎందుకు?”

మరుక్షణం సింకు దగ్గర్నుంచి కేక వినబడింది. “అక్కా! క… కప్పు!”

నాన్నలందరూ గొల్లున నవ్వారు. కప్పులక్క మొహం ఎర్రబడింది. తను పెట్టిన రూలుకి తనే దొరికిపోయింది.

“ఆ మాటకి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు కదా,” అన్నాడతను.

“చెప్పక్కర్లేదు.” ఆమె తలొంచుకుంది. “కానీ నాకు వినాలనుంది.”

“ఆ తలుపు వెనక మా చెల్లెలు ఉందన్న నమ్మకం నాకు పోయింది. అక్కడ నాకు తలుపొక్కటే కనబడేది. మీకు మొదటిరోజు నుంచీ మనిషే కనబడింది. అలాంటి కళ్ళముందు బతకాలనుంది నాకు.”

ఆమె కుర్తా చేతులు పైకి మడుచుకుని సింకు దగ్గరికి నడిచింది. నాన్నలు అటూ ఇటూ జరిగి, ఒకరికి కాదు, ఇద్దరికి సరిపడా చోటిచ్చారు. అతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

“ఇద్దర్నీ కడగనివ్వండి, ఎవరూ సాయం పట్టకండి,” అంది అమ్మ వెనకనుంచి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

కప్పులక్క ఒక కప్పు తొలిచి అతని చేతిలో పెట్టింది. “రేపు మీ ఇంటికొస్తా.”

“రండి.”

“మెట్లెక్కి కాదు,” అంది కుళాయి వైపే చూస్తూ. “లిఫ్టులో వస్తా. మీరు కిందికొచ్చి పక్కనుంటే.”