ముట్టని పళ్లెం

"మీ డోలక్ పాటకంటే ముందే పరలోకం చేరిపోతోందండీ! కాస్త మమ్మల్ని కూడా తీసుకెళ్లండి."

సలోమి ఆ మాట అన్న రోజు కాట్రేనికోన దగ్గరి ఆ చిన్న మందిరమంతా గొల్లున నవ్వింది. డోలక్ వాయించే శాంతరాజు చెవులు ఎర్రబడ్డాయి.

"ఆయ్, తీసుకెళ్తానండి. మీరు ఊఁ అనాలి గానీ," అన్నాడు మెల్లగా.

అప్పట్నుంచి పాట తప్పడం సలోమి వంతయింది.

ఆ తర్వాత తొంభై ఆరు తుపాను వచ్చింది. "వాన తగ్గింది, ఒక్క వల వేసొద్దాం రా" అని సలోమి తమ్ముడు దానియేలును పడవెక్కించింది శాంతరాజే. తిరిగొచ్చింది మాత్రం అతనొక్కడే.

ఆ మందిరంలో ఒక కట్టుబాటుంది. ప్రభువు బల్ల జరిగే ఆదివారం, అంటే యేసును తలుచుకుని అందరూ రొట్టె పంచుకునే రోజు, ఎవరిమీదైనా కోపం ఉన్నవాళ్లు ముందు వాళ్ల దగ్గరికెళ్లి వందనాలు చెప్పి కలిసిపోవాలి. చెప్పలేకపోతే రొట్టె పళ్లెం ముట్టకుండా పక్కవాళ్లకు అందించేయాలి. ఏడాదిగా సలోమి అందించేస్తూనే ఉంది. ముసుగు నుదుటిదాకా లాక్కుని, మగవాళ్ల చాపలవైపు కన్నెత్తి చూసేది కాదు. శాంతరాజు మాత్రం నిశ్చింతగా తింటున్నాడని ఊహించుకుని కుమిలిపోయేది.

ఆ ఆదివారమూ ఒకటే వాన. తలలు విరిగిన కొబ్బరిచెట్లు కిటికీలోంచి మసగ్గా కనబడుతున్నాయి. తల్లి కాంతమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి అటు చూడవే."

చూసింది. పేతురు పాస్టరుగారు పళ్లెం చాపారు. శాంతరాజు తల వంచుకుని పక్కతనికి అందించేశాడు.

"ఏడాదిగా ఇంతేనే. అడిగితే, సలోమిగారు తినకుండా నాకెలా దిగుద్దండీ అన్నాడు. పోయినోడు నా కడుపున పుట్టినోడే. నేనెప్పుడో చెప్పేశానే వందనాలు."

సలోమికి ఏడుపు తన్నుకొచ్చింది. కోపం పూర్తిగా పోలేదు. అయినా లేచి, అందరూ చూస్తుండగా మగవాళ్ల చాపల దగ్గరికి నడిచింది.

"వందనాలండీ."

శాంతరాజు తలెత్తలేకపోయాడు. "వాణ్ణి పిలిచింది నేనేనండీ. నన్నెలా క్షమిస్తారు?"

"నా అంతట నాకు చేతకాలేదండీ. ఇవాళ దేవుడే లేపేడు. రేపు మళ్లీ ఏడుస్తాను. మీమీద అరుస్తాను కూడా."

"అరవండి. పక్కనే ఉంటాను, ఉండనిస్తే."

ఆమె కాదనలేదు. పాస్టరుగారు కళ్లు తుడుచుకుని పళ్లెం వెనక్కి తెచ్చారు. సలోమి రొట్టెముక్క తీసుకుంది. అతనూ తీసుకుని చేతిలోనే పట్టుకున్నాడు.

"తినండి," అంది.

"మీకంటే ముందు ఇంకెక్కడికీ వెళ్లనండీ."

ఇద్దరూ ఒకేసారి తిన్నారు. బయట వాన ఇంకా తగ్గలేదు.