ఎర్రదీపం గుంజ

ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగకు రెండు మైళ్ళు ఇవతల, ఎడమ గట్టున, ఒక తాటి గుంజ ఉండేది. పొద్దు వాలాక దాని కింద పడవ కట్టినవాడు లేడు. ఎంత అలసిపోయినా సరే, అవతలి గట్టు ఒరుసుకుంటూ పోవలసిందే.

గాలి రాత్రుళ్ళు ఆ గుంజకు ఎర్రగా ఏదో వెలుగుతుందట. అక్కడ దీపం పెట్టే మనిషి లేక ఏడాదయింది... మరి ఆ వెలుగేమిటి? గుంజ మొదట్లో తెల్లగా ఒక ఆకారం ముడుచుకుని కూర్చుంటుందట. కదలదు. పిలిస్తే పలకదు.

వరదానమే అనేవారు పడవలవాళ్ళు, గొంతు తగ్గించి.

వరదానం ఏసోబు కొడుకు. ఏసోబు అదివరకు ఆ గుంజకు కాపలాదారు. సముద్రం మీద వాయుగుండం పుడితే ఆకివీడు తంతి ఆఫీసుకి కబురొచ్చేది. అక్కణ్ణించి ఒక మనిషి సైకిలు మీద కాగితం తెచ్చి ఇచ్చేవాడు. పగలైతే ఎర్రజెండా, రాత్రయితే ఎర్రలాంతరు, తాడు లాగి గుంజ చివరికి ఎక్కించాలి. అది చూసిన పడవ మొగ దాటదు. చూడకపోతే దాటుతుంది. అంతే ఆ ఉద్యోగం.

ముప్ఫై నాలుగో సంవత్సరం నవంబరులో రెండుసార్లు కాగితం వచ్చింది. రెండుసార్లూ దీపం ఎక్కించాడు. రెండుసార్లూ ఆకు కదల్లేదు. ఎండుచేపల బుట్టలతో రేవులో ఆగిపోయినవాళ్ళు ఏసోబుని నానా మాటలూ అన్నారు. కొడుకు కూడా నవ్వాడు, మా నాన్న దీపం చూసి గాలే జడుసుకుని పోతోందని.

మూడో కాగితం వచ్చిన సాయంత్రం ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఏసోబు పైకి చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లారి చూద్దాంలే అనుకున్నాడు.

ఆ రాత్రి వరదానం ఒంటరిగా పడవేసుకుని మొగ దాటాడు. అర్ధరాత్రికి తూర్పుగాలి లేచింది. మూడోనాడు పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి. మనిషి రాలేదు.

దీపం ఎక్కించాను, గాలికి ఆరిపోయింది అని చెప్పాడు ఏసోబు. ఆఫీసువాళ్ళకీ, పాదిరిగారికీ, భార్య కృపమ్మకీ అదే మాట. కొడుకు పోయినవాణ్ణి ఎవరేం అడుగుతారు? కృపమ్మ మాత్రం ఒక్కటి అడిగింది, ఆరిపోయేముందు ఎంతసేపు వెలిగిందండీ అని. అతను మొహం తిప్పుకున్నాడు.

ఉద్యోగం మానేశాడు. ఇంట్లో ఉన్న లాంతరు అటక మీదికి తోసేశాడు. ఆ పనికి మరొకరు రాలేదు. ఆకివీడుకి సరుకు తోలుకుంటూ బతుకుతున్నాడు. గాలి పట్టిన రోజైతే ఆకివీడు రేవులోనే పడుకునేవాడు గానీ, ఆ గుంజ పక్కనుంచి ఇంటికి వచ్చేవాడు కాదు. ఊళ్ళోవాళ్ళు చెప్పుకునేది అతనూ విన్నాడు. అందరికంటే అతనే ఎక్కువ నమ్మాడు. వాడెందుకు వచ్చి కూర్చుంటున్నాడో అతనికి తెలుసు.

మరుసటి ఏడు అదే నెల. ఆకివీడులో సరుకు దింపుతుంటే గాలివాన వస్తోందని తంతి కబురొచ్చిందన్నారు. రేవులోనే ఉండిపొమ్మన్నారు తోటివాళ్ళు. కానీ పాకమీద కప్పు పాతది... కృపమ్మ ఒక్కతే ఉంది. పాటు నీళ్ళు సముద్రం వైపుకి లాగుతున్నాయి. పడవ విప్పేశాడు.

చీకటి పడి చాలాసేపయింది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి తిరుగుతోంది. అవతలి గట్టు పట్టాలని గడ వేస్తూనే ఉన్నాడు. పాటు వడి అతన్ని ఎడమ గట్టుకే తోస్తోంది...

వంపు తిరిగాడు.

ఎర్రగా... గుంజ మొదట్లో.

పక్కన తెల్లగా ముడుచుకున్న ఆకారం.

గడ చేతిలోంచి జారిపోయింది. పడవ వెళ్ళి గట్టుకి ఆనుకుంది. బురదలోకి దిగి మోకాళ్ళ మీద పడ్డాడు.

"వరదానం..."

ఆకారం కదల్లేదు.

"నాయనా, నేను దీపం పెట్టలేదురా. ఆరిపోయిందని అబద్ధం చెప్పాను. కాగితం జేబులోనే ఉంది. నలుగురూ నవ్వుతారని... పొద్దున పెడదామనుకున్నాన్రా."

ఆకారం మెల్లగా తల ఎత్తింది. దుప్పటి ముసుగు జారింది.

కృపమ్మ.

ఒళ్ళో అటక మీది లాంతరు. రెండు చేతులూ దాని చుట్టూ. పైకెక్కించడానికి తాడు ముడి సవరిస్తూ ఉంది కాబోలు, ముడి సగంలో ఆగిపోయింది.

"గాలికి ఆరిపోయిందన్నారు కదండీ," అంది, వినీ వినపడకుండా. "ఆరితే దింపి మళ్ళీ వెలిగిద్దామని... గాలి పట్టిన రాత్రల్లా వచ్చి కూర్చుంటున్నాను."

ఏడాది పొడుగునా అతను ఆకివీడులో దాక్కున్న రాత్రులన్నీ ఆమె ఇక్కడ గడిపింది. అతని మాట నమ్మి.

ఏసోబు ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. ముడి బిగించి, తాడు అతని చేతికిచ్చింది. అతను లాగాడు. లాంతరు పైకెళ్ళింది.

గడియ కూడా నిలవలేదు. వాన అడ్డంగా కొట్టింది. పైన అద్దం పగిలిన చప్పుడు... వెలుగు పోయింది. దింపారు. అగ్గిపెట్టె తడిసి ముద్దయింది. మళ్ళీ వెలిగించడానికి ఏమీ లేదు. ఆ చీకట్లో ఇద్దరూ గుంజకి అటొకరు ఇటొకరు ఆనుకుని కూర్చున్నారు. కేకేద్దామన్నా, ఆ హోరులో పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు.

ఎంతసేపటికో... చీకట్లోంచి ఒక పడవ వచ్చి గట్టుకి తగిలింది. దాని వెనక మరొకటి. ఆ వెనక ఇంకొకటి. పదకొండుమంది దిగారు, ఆడవాళ్ళతో, పిల్లలతో.

ముందు పడవ సరంగు పేరు అబ్బులు. ముదినేపల్లి వైపు మనిషి, ఆ ఏటికి కొత్త. గుంజ సంగతి గానీ, వీళ్ళ సంగతి గానీ తెలియదు. వణుకుతూ వచ్చి ఏసోబుకి దణ్ణం పెట్టాడు.

"కేకేసిన కుర్రాడు మీ అబ్బాయేనా, ఏడండీ? దీపం లేదు, ఏమీ కనపడలేదు. మొగలోకి కొట్టుకుపోతున్నాం. గాలి తిరిగింది, ఎడమ గట్టు పట్టండి అని కేకేశాడండి. చెవి పక్కనుంచి పిలిచినట్టే ఉంది. ఆ గొంతు పట్టుకుని వచ్చాం."

ఏసోబు ఏటి వైపు తిరిగి చూశాడు. అక్కడ ఇంకెవరూ లేరు.

కృపమ్మ గుంజ పట్టుకుని లేచింది. తడుముకుంటూ వచ్చి సరంగు చెయ్యి పట్టుకుంది.

"ఆ గొంతు..." అంది, "చలికి వణుకుతున్నట్టుందా బాబూ?"