తేనెపట్టు గుహలో రాగి పెట్టె

బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టిన కామేశ్వరమ్మకు సోలకు బదులు ఒక సంచీ తగిలింది. పైకి తీసి చూస్తే లోపల నారింజ రంగు గోలీలు.

"మందాకినీ, ఇవేమిటి?"

"పెయింట్‌బాల్ ఆటలో గన్‌తో కాల్చే రంగు గోలీలు అత్తయ్యా. ఈ ముసురుకి తేమ పట్టి ఉబ్బిపోతాయని బియ్యంలో పెట్టాను."

"పై తొక్క దేంతో చేస్తారు?"

మందాకినికి అబద్ధం అంత సులువుగా రాదు. "జెలటిన్. ఎముకల్లోంచి తీస్తారట."

కామేశ్వరమ్మ సంచీని రెండు వేళ్ళతో పట్టుకుని దూరంగా జరిపింది. "ఈ బియ్యం వండుకునేవాళ్ళే తినండి. నాకు అటుకులు చాలు."

"పాతిక కిలోలమ్మా. సంచీ మూతి కట్టే ఉంది కదా," అన్నాడు కొడుకు భాస్కరం, పేపరు చాటునుంచి.

"అయితే పాతిక కిలోలూ నువ్వే తిను."

మూతి కట్టిన సంచీకి అంటు ఉంటుందా, ఉండదా అన్న విషయం మీద అరగంట వాదన నడిచింది. చివరికి బియ్యం ఇంట్లో ఉండిపోయింది, గోలీల సంచీ వెనక వరండాలోకి పోయింది. మోకాలికి పట్టీ చుట్టుకుంటున్న మందాకిని లేచి దాన్ని మరోచోట పెట్టాలనుకుంది. లేవలేకపోయింది.

"నలభై మూడేళ్ళొచ్చాయి. ఈ ఆట ఎప్పటికి మానతావే?" అంది అత్తగారు.

"ఒక్కసారి గెలవనివ్వండి. ఆ రోజే మానేస్తాను."

మూడేళ్ళుగా ఆమె అదే మాట చెబుతోంది. నిజానికి మానేయాలనే ఉంది. తెల్లవారుజామున పరుగులు, మెట్లెక్కేటప్పుడు ఎడమ మోకాల్లో కలుక్కుమనడం, అన్నీ చాలనిపిస్తున్నాయి. కానీ ఓడినదానిగా మానడానికి మనసొప్పలేదు. గెలిచి, హాయిగా కూర్చోవాలి.

మర్నాడు శనివారం. అరకు దారిలో, తేనెపట్టు కొండ కింద టోర్నమెంటు ఫైనల్. జట్టుకు ముగ్గురు. ఒక్కో జట్టుకు గుహ దాకా దారి చూపే ఒక పటం. కొండ గుహలో దాచిన రాగి పెట్టెను ముందుగా గుహ ముఖానికి తెచ్చిన జట్టు గెలిచినట్టు. గోలీ తగిలి చిట్లితే ఆ మనిషి ఔట్. రిఫరీ చూడని చోట తగిలిందని ఎవరికి వాళ్ళే ఒప్పుకోవాలి. ఔటైనవాళ్ళు చెయ్యెత్తి బయటికి నడవాలి తప్ప జట్టువాళ్ళతో ఒక్క మాటా అనకూడదు. చచ్చినవాళ్ళు మాట్లాడరు అనేది ఆటగాళ్ళలో వాడుక.

కెప్టెన్ మందాకిని వెంట తోడికోడలు భ్రమర, కింది ఫ్లాట్ రోహిణి. ఎదుటి పక్షం రాజమండ్రి అమ్మాయిలు, ముగ్గురూ పాతికేళ్ళ లోపువాళ్ళే.

ఈల మోగింది. వెదురు పొదల మధ్య బురద కాళ్ళను పట్టి లాగుతోంది. వంద గజాలు పోకముందే ఎడమవైపునుంచి గోలీల వాన కురిసింది. రోహిణి భుజం మీద ఆకుపచ్చ రంగు చిట్లింది. ఆమె చెయ్యెత్తి, మాట్లాడకుండా వెనుదిరిగింది.

"వంగు భ్రమరా, రాయి వెనక్కి." ఇద్దరూ పాకుతూ గుహలోకి దూరారు.

లోపల గబ్బిలాల కంపు. పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు. దారి రెండుగా చీలిన చోట వెనక అడుగుల చప్పుడైంది. మందాకిని గురిచూసి మీట నొక్కింది. గన్ కీచుమని ఆగిపోయింది. రాత్రంతా వరండా చెమ్మకు ఉబ్బిన గోలీ గొట్టంలో ఇరుక్కుంది.

"నాదీ అంతే అక్కా," అని గొణిగింది భ్రమర. "నువ్వు పద. నేనిక్కడ రాళ్ళు విసురుతూ కూర్చుంటాను. మీ అత్తగారి పుణ్యమా అని రాతియుగంలోకొచ్చాం."

"మన అత్తగారు," అని సరిదిద్ది, మందాకిని కుడి దారి పట్టింది.

సొరంగం రానురాను ఇరుకైంది. పొట్ట మీద పాకింది. మోకాలు రాతికి కొట్టుకున్నప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివర సన్నటి వాగు, దాని పక్కన గూడు లాంటి తొర్ర. తలమీది దీపం వెలుగులో రాగి మెరిసింది. పెట్టెను రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకుంది. అంతా అయిపోయింది, ఇంక ఇంటికెళ్ళి పడుకోవచ్చు అనుకుంది.

వెనక గోడ అడుగున ఉన్న బీటలోంచి టప్పున ఒక చప్పుడు. మడమ మీద చిన్న దెబ్బ. వంగి తడిమింది. వేళ్ళకు ఆకుపచ్చ రంగు అంటింది.

భ్రమర కన్నుగప్పి ఎడమ దారిలో దూరిన రాజమండ్రి పిల్ల, బీటలోంచి కనిపించిన దీపం వెలుగును బట్టి గుడ్డిగా కాల్చింది. తగల్లేదనుకుని వేరే దారి వెతుక్కుంటూ పోయింది కూడా. వాగు జానెడు దూరంలో ఉంది. కాలు ఒక్కసారి ముంచి తీస్తే చాలు. మందాకిని నీళ్ళకేసి చాలాసేపు చూసింది. అంత అలసట ఆమె ఎన్నడూ ఎరగదు. తర్వాత పెట్టెను తొర్రలో, ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టి చెయ్యెత్తింది.

"ఔట్," అంది గట్టిగా.

చీలిక దగ్గర భ్రమర ఆత్రంగా లేచింది. "పెట్టె చూశావా? ఎటు?"

మందాకిని చెయ్యి దించకుండా ఆమెను దాటిపోయింది.

"అక్కా, ఒక్కమాట. కుడివైపే ఉందా, ఎడమకు పోనా?"

ఆ పిలుపు గుహ ముఖం దాకా వెంట వచ్చింది. బయట వాన పడుతోంది. ఆమె బండకు చేరగిలబడి కాలు చాపుకుంది. పావుగంటలో భ్రమర మెడ నిండా ఆకుపచ్చ రంగుతో బయటికొచ్చింది. ఆ వెనకే ఒక రాజమండ్రి పిల్ల, చేతుల్లో పెట్టెతో.

"మీకు తగిలిందని నాకే తెలీదండీ," అంది ఆ పిల్ల, మాస్క్ తీస్తూ.

"నాకు తెలుసమ్మా."

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. మరిది సంసారం కూడా వచ్చింది. భ్రమర ఇంకా మూతి ముడుచుకునే ఉంది. "నోటితో వద్దు, వేలితో చూపిస్తే ఏం పోయింది?"

"అదీ మాటే," అంది మందాకిని.

కామేశ్వరమ్మ కోడలి కంచంలో రెండో గరిటె చారు పోసింది. "సరే, ఓడిపోయావు. మళ్ళీ ఏడు కూడా తప్పదన్నమాట."

"లేదు అత్తయ్యా. మానేస్తున్నాను."

భాస్కరం ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "గెలవకుండానే?"

మందాకిని చారన్నం నెమ్మదిగా కలుపుకుంది. "పెట్టె నా చేతికొచ్చింది. నేనే దింపేశాను. ఇంకెన్నేళ్ళు ఆడినా అంతకంటే బాగా ఆడలేనండీ."



"అయితే మూడో మనిషిని ఎక్కడ వెతకాలి?" అంది భ్రమర, తల ఎత్తకుండానే.

"అది కెప్టెన్ చూసుకోవాలి," అంది మందాకిని. "ఇవాళ్టినుంచి నువ్వే."