చేతులు ఖాళీ అయ్యేదాకా

“భౌ!”

తలుపు చాటు నుంచి ఆ కేక వినబడగానే తాతయ్య చేతిలోని పేపరు గాల్లోకి లేచింది. సినిమా పేజీ సోఫా కింద దూరింది. ఆటల పేజీ తిరిగి తిరిగి తాతయ్య నెత్తి మీదే వాలింది.

“ఓరి దేవుడో! గుండె జారి చెప్పుల్లో పడిందే!” అన్నాడు తాతయ్య, ఛాతీ తడుముకుంటూ.

తలుపు వెనక నుంచి మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది. ఐదో తరగతి చదువుతోంది. సందు దొరికితే చాలు, ఎక్కడో నక్కి ఎవరో ఒకరిని హడలగొట్టాల్సిందే. అందుకే తాతయ్య ఆమెకి బూచి అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇంట్లోనూ వీధిలోనూ స్కూల్లోనూ ఆ పేరే.

బూచి చేతిలో పడని వాళ్ళు లేరు. నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఊళ్ళో ట్రాఫిక్ అంతా తట్టుకుని వచ్చే మనిషి, ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాక బూచి కేకకి ఎగిరిపడతాడు. పక్కింటి టైలర్ పిన్ని అయితే వీధి చివరి దాకా వినబడేట్టు అరుస్తుంది.

అమ్మ ఒక్కతే దొరకదు.

బూచి ఎంత మెల్లగా వెళ్ళినా, అమ్మ వెనక్కి తిరక్కుండానే, “పరదా కింద కాళ్ళు కనబడుతున్నాయి, బయటికి రా” అంటుంది. లేకపోతే, “నీ ఊపిరి వినబడుతోందే” అంటుంది. బూచికి అది పెద్ద లోటుగా ఉండేది. ఎప్పటికైనా అమ్మని ఉలిక్కిపడేలా చెయ్యాలి. ఒక్కసారి చాలు.

అమ్మ చెక్కపని చేస్తుంది. ఇంటి వెనక షెడ్డులో ఆమెకి పెద్ద పనిబల్ల ఉంది. గోడకి రంపాలు, ఉలులు, చెక్క సుత్తులు వరసగా వేలాడుతుంటాయి. మూలన ఒక కోత మిషన్ ఉంది. దాని గురించి అమ్మ ఎప్పుడో గట్టిగా చెప్పింది: “మిషన్ చప్పుడు వినిపిస్తే గుమ్మం దాటకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే, గుమ్మం బయటే నిలబడు.” బూచి ఆ మాట ఎన్నడూ జవదాటలేదు.

ఆ రోజు స్కూలు ఒంటిపూటే. తాతయ్య పేపర్లు ఏరుకునే పనిలో ఉండగా బూచి పెరట్లోకి వెళ్ళింది. షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపల మిషన్ చప్పుడు లేదు. ఉండుండి కర్, కర్ అని చిన్న శబ్దం, అంతే.

బూచి తొంగి చూసింది. అమ్మ గుమ్మానికి వీపు పెట్టి, బల్ల మీదికి వంగి ఉంది. టైలర్ పిన్నికి నడుంనొప్పి అని కొత్త కుర్చీ చేస్తోంది. కుర్చీ కాలుకి ఉలితో బెజ్జం తొలుస్తూ, లోకం మరిచిపోయి ఉంది.

మిషన్ ఆగి ఉంది. గుమ్మం దాటొచ్చు.

బూచి చెప్పులు బయటే విప్పేసింది. నేలంతా మెత్తటి రంపపు పొట్టు. అడుగు చప్పుడే లేదు. ఊపిరి బిగబట్టి, సరిగ్గా అమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది.

“భౌ!”

అమ్మ ఉలిక్కిపడింది. భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. గెలిచానని బూచి చప్పట్లు కొట్టబోయింది.

ఈలోపే “అబ్బా!” అని అమ్మ గొంతు. ఉలి ఖంగుమని నేలమీద పడింది.

అమ్మ కుడిచేత్తో ఎడంచేతిని గట్టిగా అదిమి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారి తెల్లటి చెక్క మీద పడుతోంది. బూచి చేతులు చప్పట్లకని చాచినవి అలాగే ఉండిపోయాయి.

“అమ్మా...”

“ఏడవకు. ముందు విను,” అంది అమ్మ. ముఖం పాలిపోయింది కానీ గొంతు మామూలుగానే ఉంది. “ఉలి నీ కాళ్ళ దగ్గరే పడింది. చూసుకుని వెనక్కి నడు. చెప్పులేసుకో. దండెం మీద ఉతికిన టవల్ ఉంటుంది, పట్రా. తాతయ్యని కేకెయ్యి.”

బూచి టవల్ తెచ్చింది. అమ్మ చెయ్యి చాపి స్టూలు మీద కూర్చుంది. బొటనవేలి కింద కండ తెగి తెరుచుకుని ఉంది. బూచి కళ్ళు మూసుకోబోయింది.

“మూసుకోకు. టవల్ మడిచి దాని మీద పెట్టు. రెండు చేతుల్తో నొక్కు. ఇంకా గట్టిగా. నాకు నొప్పని చూడకు. నేను చెప్పేదాకా వదలద్దు.”

బూచి నొక్కింది. టవల్ వెచ్చగా తడిసిపోతుంటే ఇంకా బలంగా నొక్కింది. తాతయ్య వచ్చి చూసి, గోడ మీంచి టైలర్ పిన్నిని పిలిచాడు. పిన్ని మెడలో టేపుతో అలాగే పరుగెత్తుకొచ్చింది. చూసిందే తడవుగా తన పాత కారు తీసింది.

దారంతా పిన్ని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. వెనక సీట్లో బూచి టవల్ మీద నుంచి చేతులు తియ్యలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ టవల్ తీసి, గాయం కడిగి, దీపం దగ్గరికి లాగి చూసింది.

“ఎలా తగిలింది?”

బూచి అమ్మ ముఖంలోకి చూసింది.

“ఉలి జారిందండీ,” అంది అమ్మ. అంతే. ఇంకేమీ చెప్పలేదు.

అమ్మ చెప్పేస్తుందని బూచి భయపడింది. చెప్పకపోయేసరికి ఇంకా బరువుగా అనిపించింది, ఆ బరువంతా తన ఒక్కదాని మీదే పడినట్టు.

“బొటనవేలు ఒకసారి వంచండి,” అంది డాక్టరమ్మ.

అమ్మ పళ్ళు బిగపట్టింది. వేలు కదల్లేదు. బూచి ఆ వేలునే చూస్తోంది. వంగు, వంగు అని లోపల్లోపలే బతిమాలుతోంది. వేలు వణికింది. మెల్లగా, చాలా మెల్లగా, అరచేతి వైపు వంగింది.

“హమ్మయ్య. నరం తెగలేదు. ఇంకొంచెం లోతుకి దిగి ఉంటే ఈ వేలు మళ్ళీ ఏదీ పట్టుకోగలిగేది కాదు. కుట్లు వేస్తాను. మానేదాకా పని ముట్టుకోవద్దు.”

“నేనే!” అంది బూచి, ఒక్కసారిగా. “ఉలి ఊరికే జారలేదు. నేనే వెనక నుంచి భౌ అన్నాను.”

అందరూ ఆమె వైపు చూశారు. బూచి చేతుల మీద అమ్మ నెత్తురు ఎండి అట్టకట్టింది. డాక్టరమ్మ ఆ చేతులకేసి చూసింది.

“టవల్ పట్టుకున్నదీ నువ్వేనా?”

బూచి తలూపింది.

“సరిగ్గా పట్టుకున్నావు. వెళ్ళి చేతులు కడుక్కో,” అని డాక్టరమ్మ సూది అందుకుంది.

ఇంటికొచ్చాక బూచి అమ్మ మంచం పక్కనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మిషన్ ఆగింది కదా, ఫర్వాలేదనుకున్నాను,” అంది, నేల చూపులు చూస్తూ.

అమ్మ తలూపింది. “నిజమే. నీకు మిషన్ సంగతే చెప్పాను, ఉలి సంగతి చెప్పలేదు. చప్పుడు చేసేదే కోస్తుందనుకున్నావు.”

“నీకు కోపం లేదా?”

“ఎందుకు లేదు? బోలెడంత ఉంది. ఈ చెయ్యి పనిచెయ్యకపోతే నేనేం చేసేదాన్నే?” అమ్మ చేతి కట్టుకేసి చూసుకుంది. “సగం కోపం నా మీదే. ముక్కని బల్లకున్న ఇనప పట్టులో, అదే వైస్‌లో, బిగించి తొలవాలి. చిటికెలో అయిపోతుంది కదా అని ఎడంచేత్తో పట్టుకున్నాను. బిగించి ఉంటే ఉలి జారినా బల్లకి తగిలేది. అక్కడ నా చెయ్యే ఉండేది కాదు.”

బూచి అప్పుడు ఏడ్చింది. అమ్మ బాగున్న చేత్తో దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత ఇంట్లో “భౌ” అన్న మాట వినబడలేదు. షెడ్డు తాళం వేసి ఉంది. టైలర్ పిన్ని పాత కుర్చీలోనే నడుం వెనక దిండు పెట్టుకుని కుడుతోంది. బూచి ఏ గదిలోకి వెళ్ళాలన్నా గుమ్మంలో ఆగి, “ఊహు... ఊహు...” అని దగ్గి, అప్పుడు లోపలికి వెళ్తోంది.

నాన్న అది చూసి దగ్గు మందు తెచ్చాడు. బూచి ఎందుకని అడక్కుండా రెండు చెంచాలు తాగేసింది.

“వారం రోజులుగా పేపరంతా చదివేస్తున్నాను,” అన్నాడు తాతయ్య దిగులుగా. “ఏమీ బాగోలేదు. ఇంతకుముందు పేజీలు ఏరుకోవడంలోనే పొద్దు పోయేది.”

సాయంత్రం అమ్మ బూచిని పిలిచింది. “నిజం చెప్పు. దగ్గెందుకొస్తోంది?”

“దగ్గు లేదు. నేనొస్తున్నానని ముందే తెలియాలని.”

అమ్మకి నవ్వాగలేదు. “మరి ఆ మందెందుకు తాగావే?”

“తియ్యగా ఉంది.”

“ఇలా రా. భౌ అనద్దని నిన్నెవరైనా అన్నారా? ముందు ఎదుటివాళ్ళ చేతులు చూడు. కాళ్ళు ఎక్కడున్నాయో చూడు. ఆ తర్వాత నీ ఇష్టం. ఏదీ, చెప్పు. తాతయ్య వేడివేడి టీ తాగుతున్నాడు.”

“వద్దు. ఒలికిపోతుంది.”

“టైలర్ పిన్ని బట్ట కత్తిరిస్తోంది.”

“వద్దు, వద్దు.”

“నాన్న సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు.”

బూచి ఆలోచించింది. “అనొచ్చు.”

“నాన్న బస్సు నడుపుతున్నాడు.”

“అమ్మా! నాకు ఆ మాత్రం తెలీదా?”

“మరి నేను షెడ్డులో ఉన్నాను. మిషన్ ఆగి ఉంది.”

బూచి ఈసారి తొందరపడలేదు. “చేతిలో ఏముందో వెనక నుంచి కనబడదు. అందుకని నీకు కనబడేట్టు గుమ్మంలో నిలబడతాను. నువ్వు పిలిచేదాకా రాను.”

“అయితే నేను బల్లని గుమ్మం వైపు తిప్పుకుంటాను,” అంది అమ్మ.

కుట్లు విప్పాక అలాగే తిప్పుకుంది. కుర్చీ కాలుని వైస్‌లో బిగించింది. గట్టిగా ఉందో లేదో బూచిని లాగి చూడమంది. బూచి రెండు చేతుల్తో ఊపినా అది కదల్లేదు. అప్పుడు గానీ అమ్మ ఉలి పట్టుకోలేదు.

కొత్త కుర్చీ టైలర్ పిన్ని ఇంటికి వెళ్ళిన వారానికే స్కూల్లో వరండాలో నిచ్చెన వేశారు. రిపేర్ల మావయ్య కొత్త నోటీసు బోర్డు బిగిస్తున్నాడు. స్కూల్లో బల్ల విరిగినా పంపు కారినా ఆయనే రావాలి. పిల్లలంటే ప్రాణం. ఆయన్ని ఏడిపించినా నవ్వుతాడే కానీ కసురుకోడు.

ఇంటర్వెల్లో బూచి స్నేహితురాలు బఠాణీ పరుగెత్తుకొచ్చింది. క్లాసులో అందరికంటే పొట్టి, అందరికంటే గట్టి గొంతు.

“బూచీ, బూచీ! మావయ్య అటు తిరిగి ఉన్నాడే. నువ్వొక్కసారి భౌ అను, క్లాసంతా పడీ పడీ నవ్వాలి!”

అప్పటికే నలుగురు పిల్లలు స్తంభం చాటున చేరి ఎదురుచూస్తున్నారు. బూచి నిచ్చెనకేసి చూసింది. మావయ్య పైమెట్టుకి దగ్గర్లో ఉన్నాడు. చేతిలో డ్రిల్లు గిర్రున తిరుగుతోంది.

“ఇప్పుడు కాదు,” అంది.

“ఏం? భయమా?”

పిల్లలు కిసుక్కున నవ్వారు. బూచి చెవులు వేడెక్కాయి.

“అవును, భయమే. ఆయన చేతిలో డ్రిల్లుంది.”

“పిరికిదానా! చూడు, నేనంటా.” బఠాణీ గుండెల నిండా గాలి పీల్చింది. నోరు తెరిచిందో లేదో, బూచి అరచెయ్యి ఠపీమని దాని మీద పడింది. “మ్మ్! మ్మ్మ్!” అని బఠాణీ గింజుకుంది.

సరిగ్గా అప్పుడే చిన్న క్లాసుల ఇంటర్వెల్ గంట మోగింది. ఒకటో తరగతి పిల్లలు వరండా మలుపులోంచి కోడిపిల్లల గుంపులా పరుగెత్తుకొస్తున్నారు. బూచి బఠాణీని వదిలేసి, నిచ్చెన ముందుకి దూకి, చేతులు బార చాపింది.

“పరుగెత్తద్దు! నిచ్చెన ఉంది! ఇటు పక్కగా నడవండి!”

ముందున్న పిల్లాడు బూచి పొట్టకి గుద్దుకుని ఆగాడు. వెనకవాళ్ళు వాడి వీపుకి గుద్దుకుని ఆగారు. బఠాణీ ఒక్క క్షణం నోరు తుడుచుకుంటూ చూసింది. తర్వాత వచ్చి బూచి పక్కన తనూ చేతులు చాపింది.

“వినబడలేదా? పక్కగా!” అని అరిచింది. ఆ గొంతుకి పిల్లలు గోడవారగా బారులు తీరారు.

పైన డ్రిల్లు రొదలో మావయ్యకి ఇవేవీ తెలియవు. పని ముగించి, తీరిగ్గా ఒక్కో మెట్టే దిగాడు. డ్రిల్లు ప్లగ్గు పీకి పెట్టెలో పెట్టాడు.

బఠాణీ మోచేత్తో పొడిచింది. “ఇప్పుడో?”

“ఉండవే. నీళ్ళు తాగుతున్నాడు. పొరబోతాయి.”

మావయ్య నీళ్ళు తాగి, సీసా మూత బిగించి కింద పెట్టాడు. బోర్డు వంకరగా వచ్చిందేమోనని నడుం మీద చేతులు పెట్టుకుని, తల పక్కకి వాల్చి చూసుకుంటున్నాడు.

బూచి ఆయన చేతులు చూసింది. ఖాళీ. కాళ్ళు చూసింది. రెండూ నేలమీదే ఉన్నాయి. మునివేళ్ళ మీద నడిచి ఆయన వెనక్కి చేరింది.

“భౌ!”

“అమ్మ బాబోయ్!” అని మావయ్య ఎగిరి వేసిన గెంతుకి వరండా అంతా నవ్వులతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది మావయ్యే.