చేనులోకి జరిగిన లైను

లింగాల ఘనపూర్ రోడ్డు పక్కన నాటిన గుర్తు రాళ్లు రాత్రికి రాత్రి జరిగిపోయాయి.

1988 ఫిబ్రవరి. దేశమంతటినీ కలిపే కొత్త టెలిఫోన్ లైను ఆ దారినే పోవాలి. గాజు తీగలో మాటలు వెలుతురుగా పోతాయట. పొద్దున కూలీలు రాళ్ల వెంబడి తవ్వుకుంటూ పోయి కొమురయ్య మిరప చేనులో తేలారు. నక్షా ప్రకారం లైను రోడ్డు పక్క సాగులేని పడావు భూమిలో ఉండాలి.

జూనియర్ ఇంజనీర్ ప్రతాప్ కంప్లయింట్ ఇచ్చాడు. వాచ్‌మన్ లచ్చిరాంను జీపెక్కించారు.

ఎస్.ఐ. వెంకట్రాం ఏ కేసైనా నిదానంగానే చూస్తాడు. భార్య పోయినప్పటి నుంచి క్వార్టరుకు తొందరగా పోవాల్సిన పని లేదు.

"రాత్రి ఎక్కడున్నవ్?"

"కేబుల్ డ్రమ్ము కాడనే సార్. రాళ్లనెవడు ఎత్కపోతడు?"

"పటేలు ఎంతిచ్చిండు?"

"చాయ్ గూడ పోయలే సార్! అడుగున్రి."

హన్మంత్ పటేలు బావి ఆ పడావును ఆనుకునే ఉంది. అక్కడ తవ్వొద్దని ఆయన పోయిన వారమే ప్రతాప్‌తో గొడవపడ్డాడు.

"కొట్లాడిన, నిజమే," అన్నాడు పటేలు. "గాని నా నడుం జూసి మాట్లాడు ఎస్సై సాబ్. చెంబు లేపాల్నన్నా ఇంకొకలు రావాలె."

వెంకట్రాం జరిగిన రాయినొకదాన్ని పెకిలించాడు. గుంతలో చెయ్యి పెట్టాడు. వేళ్లకు నల్లగా అంటింది.

బొగ్గు.

రెండో రాయి. బొగ్గు.

జరగని రాయి ఒకటి తీయించాడు. ఉత్త మట్టి.

అందరినీ చేను గట్టున కూర్చోబెట్టాడు.

"హద్దురాయి కింద బొగ్గెందుకేస్తరు పటేలా?"

"రాయి పీకినా జాగ దొరకాలని. బొగ్గు మురగదు గద."

"ఈ ఊళ్లె హద్దురాళ్లు పాతిందెవరు?"

పటేలు కొమురయ్య వైపు చూశాడు. పటేలు పట్వారీల కింద ఊరి సుంకరిగా ఆ పని బతుకంతా చేసింది కొమురయ్యే. బొగ్గెయ్యకుండా రాయి పాతడం ఆ చేతికి రాదు.

"ఆయన చేనే కదా సార్ పాడైంది?" అన్నాడు ప్రతాప్.

"అందుకే మనం ఆయన్ని అడగలే. ఎవరి భూమి మిగిలిందా అని చూసినం. మిగిలింది ఉత్త పడావు. పంట పోగొట్టుకొని దాన్ని కాపాడినవంటే, అక్కడేముంది కొమురయ్యా?"

కొమురయ్య తలరుమాలు విప్పాడు.

"కట్టమ్మ సారూ. నా బిడ్డ. పెండ్లి గానిదని కాల్చలే, గాడనే పెట్టినం. పోయిన వానల్ల."

"మాకు చెప్పొద్దా?"

"ఢిల్లీ లైనుకు నా బిడ్డ అడ్డమున్నదని ఎవరికి చెప్పుదు సారూ? లచ్చిరాంను ఇడువున్రి. వానికేం ఎర్కలే."

లచ్చిరాంను జీపు దింపారు.

"లైను ఇట్లనే పోనియ్యొచ్చా?" వెంకట్రాం ప్రతాప్‌ను అడిగాడు.

"ఇంత మూలగా వంచితే లోపలి గాజు విరుగుతది సార్. పెద్ద వంపు తిప్పాలె. చేను సగం పోతది. పై ఆఫీసుకు కారణం రాయాలె."

"పోతె పోనీయున్రి," అన్నాడు కొమురయ్య.

"నా బావి కూలుతదని రాయి," అన్నాడు పటేలు. "ఎట్లాగు బద్నాం అయిన."

ప్రతాప్ కంప్లయింట్ వాపసు తీసుకున్నాడు.

పొద్దు వాలింది. అందరూ పోయారు. గట్టు మీద ఇద్దరే మిగిలారు.

"గా తీగల రాత్రిపూట గూడ మాట్లాడుకుంటరా సారూ?"

"రాత్రంతా."

కొమురయ్య పడావు వైపు చూశాడు.

"అయితె జర సప్పుడుంటది బిడ్డకు."

వెలుతురుకు చప్పుడుండదని వెంకట్రాం చెప్పలేదు. ఇంకాసేపు అక్కడే కూర్చున్నాడు.