తప్పయితే ఒకడుగు వెనక్కి

"ఇరవై నాలుగు స్క్వేర్ కూడా కంఠస్థం చేస్తారా అండీ? ఫోన్ లేదా?" పెరటి గోడ అవతల నుంచి నవ్వాడు పక్కింటి ప్రసాద్.

మా అమ్మాయి కిరణ్మయికి ఒళ్లు మండింది. "ఎంబీఏకి రాసే జీమ్యాట్‌లో లెక్కలకి క్యాలిక్యులేటర్ ఇవ్వరు. ఒక్కోదానికి రెండే నిమిషాలు. గుణించుకుంటూ కూర్చుంటే మిగతావి మీరొచ్చి రాస్తారా?"

"రాయను. అడుగుతాను. ఇరవై నాలుగు?"

"ఐదొందల డెబ్బై ఆరు."

తడుముకోలేదు. అతని నవ్వు ఆగిపోయింది.

కరోనా రెండో ఏడాది, ఐర్లండ్‌లో మేముండే నేవన్‌లో చలి వదలని రోజులు. అతని పూర్తి పేరు హనుమత్ప్రసాద్. ఆఫీసు క్లోనీ అనే ఊళ్లో, పని ఇంట్లోంచి. ఒక్కడే ఉంటాడు. జ్వరమొస్తే గ్లాసుడు నీళ్లెవరిస్తారని నాకు మొదటిరోజే దిగులు పట్టుకుంది.

సాయంత్రాలు మా ఇళ్ల ఎస్టేట్ చుట్టూ నడక. వాళ్లిద్దరూ ముందు, గొడుగు పట్టుకుని నేను వెనక. ఆట వాళ్లు పెట్టుకున్నదే. సరిగ్గా చెబితే ప్రసాద్ ఒకడుగు దగ్గరికి, తప్పయితే ఒకడుగు వెనక్కి. రెండు మీటర్ల దగ్గర ఆగిపోవాలి, అది నా రూలు.

"ఎనిమిదింట మూడు?"

"ముప్పై ఏడున్నర శాతం."

"పదహారింట ఒకటి?"

"ఆరుంబావు. ఏంటి, అన్నీ వచ్చినవే అడుగుతున్నారు?"

"దగ్గరికి రావాలి కదండీ మరి."

చినుకులు పడుతున్నా ఇంటికి రారు. ఎవరికి జలుబు చేస్తుందో, ఎవరు చూసి ఏమనుకుంటారోనని నా ప్రాణం పీకేది. నేను చదివింది ఏడో తరగతి. రెండు నెలలు వెనక నడిచేసరికి నాకూ ముప్పై దాకా స్క్వేర్లు వచ్చేశాయి.

మార్చిలో ఒకరోజు ప్రసాద్ చెప్పాడు. ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడట. శనివారం యాభై కిలోమీటర్ల అవతల ములింగార్ వెళ్లిపోతాడట. అప్పుడు లాక్‌డౌన్, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటి తిరగనిచ్చేవారు కాదు.

"సరే, పరీక్ష వచ్చేవారమేగా. పదమూడు?" అన్నాడు మామూలుగా.

"నూట డెబ్బై."

ఒకడుగు వెనక్కి వేశాడు. "పన్నెండు?"

"నూట నలభై."

ఇంకో అడుగు.

పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగని నాకే తెలుసే. పరీక్ష భయంతో పిల్లకి మతిగానీ పోయిందా, డాక్టరుకి ఫోన్ చేయాలా?

"పది?" అన్నాడు.

"తెలీదు."

"ఏంటి కిరణ్, నన్నింత దూరం పంపేస్తున్నావు?"

"పోయేది నువ్వు. నేను కాదు."

మాస్కు పైన దాని కళ్లు నిండిపోయి ఉన్నాయి. అప్పటికి గానీ నాకర్థం కాలేదు.

"నాకు మాత్రం వెళ్లాలనుందా? మళ్లీ రావాలంటే దారిలో పోలీసులు ఆపి, పనేంటని అడుగుతారు. ఒకమ్మాయిని ప్రేమించానంటే వదులుతారా?"

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"ఇప్పుడు చెప్పాను."

ఇద్దరూ వానలో తడుస్తున్నారు. మా ఆయన వెంకటేశ్వర రావు ఏమంటారోనని నాకు భయమే. అయినా నోరు ఆగలేదు.

"ఒంటరిగా ఉండేవాళ్లు ఒక ఇంటివాళ్లతో బబుల్ పెట్టుకుని, సొంతవాళ్లలా కలవొచ్చని రేడియోలో చెప్పారు. వాళ్ల ఇంటికి ఎంత దూరం నుంచైనా రావొచ్చట. మా ఇంటితో పెట్టుకో బాబూ."

"ఒక్క ఇంటితోనే ఆంటీ. తర్వాత మార్చుకోవడానికి ఉండదు."

"అందుకే అడుగుతున్నా. మారుస్తావా?"

"మార్చను."

"అయితే టెస్టు చేయించుకుని ఆదివారం రా. జ్వరం చూసుకుని రా. తడిబట్టలతో రాకు."

"అమ్మా, జాగ్రత్తలు తర్వాత, ముందు భోజనానికి రమ్మను," అంది కిరణ్మయి, ముక్కు తుడుచుకుంటూ.