గాలి తగలకూడని గది

కర్నల్ బెజాన్ గదిలోకి ఎవరు అడుగుపెట్టినా ఆయన ఇచ్చే మొదటి ఆర్డరు ఒక్కటే.

“తలుపు మూయ్. గాలి కొడుతోంది.”

ఒక్తావ్ మురారియు తలుపు మూశాడు. బయట మే నెల. లోపల కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, కర్నల్ మెడకి ఉన్ని మఫ్లర్ ఉంది. తుపాకులకి ఎదురెళ్ళిన మనిషే గానీ, ఎదురెదురు తలుపుల మధ్య మాత్రం అర నిమిషం నిలబడడు. ఆయన్ని అని ఏం లాభం, మా రొమేనియాలో అందరిదీ అదే వరస. పంటినొప్పి, మెడపట్టు, మూతి వంకర, ఏది వచ్చినా తప్పంతా గాలిదే. ఒక్తావ్ ఒక్కడే దీన్ని నమ్మడు. గూఢచారి శాఖలోకి రాకముందు చాలా ఏళ్ళు డేటా సెంటర్లలో, చలి మిషన్ల మధ్యే బతికాడు.

“మీ అన్న ఇవాళ పదకొండింటికి సాక్ష్యం చెబుతున్నాడు,” అన్నాడు కర్నల్.

ఒక్తావ్ అన్న లౌరియాన్ లారీ డ్రైవరు. తను తోలుతున్న లారీల్లో గోధుమల కింద తుపాకులున్నాయని తెలిసిన రోజే తిన్నగా పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి అతన్ని ఎక్కడ దాచారో తమ్ముడికి కూడా చెప్పలేదు. శీతాకాలం మొత్తం గడిచిపోయినా ఒక్తావ్ అన్న గొంతు వినలేదు.

“ఎక్కడున్నాడు సార్?”

“నాకూ తెలీదు. కొండల్లో ఏదో ఇల్లు. అక్కణ్ణుంచి వీడియోలో కోర్టుతో మాట్లాడతాడు. ఆ వీడియో పాత ట్రాక్టర్ ఫ్యాక్టరీ కింద ఉన్న మన రూటర్ గుండా వెళ్తుంది. రూటర్ దాటాక ఆ ఇంటి అడ్రసు చెరిగిపోతుంది. అంటే?”

“లోపలికి వచ్చేటప్పుడు ఎవరైనా తొంగిచూస్తే ఇల్లు దొరికిపోతుంది.”

“నిన్న ఎవరో తొంగిచూడబోయారు. వేలిముద్ర కుదరక వెనక్కి పోయారు. మామయ్య మనుషులే.”

మామయ్య అంటే ఆ ఆయుధాల ముఠా నాయకుడు. విదేశీయుడు. ముఖం చూసినవాళ్ళు చెప్పడానికి మిగల్లేదు.

“ఫ్యాన్లు మార్చే మెకానిక్కులా వెళ్ళు. ఆ పెట్టె నీ వేలిముద్రకి తప్ప లొంగదు కదా. మొత్తం చెక్ చెయ్. అది ఒక్క క్షణం చచ్చినా నా స్క్రీన్ ఎర్రబడుతుంది, నేనే మనుషుల్తో వస్తా. సాక్ష్యం ఆగదులే, సిబియు ఊళ్ళో ఇంకో రూటర్ ఉంది, అది అందుకుంటుంది. ఇదిగో, ఈ చొక్కా గుండీ నొక్కితే నువ్వెక్కడున్నా మాకు వినిపిస్తుంది. ఫ్యాక్టరీ దగ్గర మన మనిషి కలుస్తుంది.”

ఒక్తావ్ లేచి, బయటికి వెళ్ళాక తలుపు తనే మూశాడు.

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒంటెరంగు కోటులో ఒకామె ఉప్పు జంతిక కొరుకుతూ నిలబడి ఉంది. దారినపోయే లారీ డ్రైవర్లు ఆమెను చూస్తూ గుంతలు చూసుకోవడం లేదు.

“పావురాలు తిన్నాయా?” అంది ఆమె.

“పిల్లికి మిగల్చకుండా తిన్నాయి.”

“దరిద్రపు కోడ్‌వర్డ్. ఎవరు రాస్తారో ఇవన్నీ!” అంటూ నవ్వింది స్మరాండా. శాఖలో ఆమె నవ్వుకి పడని వాడు లేడు. ఒక్తావ్ కూడా రెండుసార్లు కాఫీకి పిలిచాడు. రెండుసార్లూ ఆమె రాలేదు. ఇవాళ తనే చొరవగా అతని సంచి అందుకుంటే, లోపల్లోపల పొంగిపోయాడు.

మెట్లు దిగుతూనే ఆమె పై కంట్రోల్ రూముకి ఫోన్ చేసింది. “ఫ్యాన్లు మారుస్తున్నాం. చిన్నచిన్న అలారాలు వస్తే పట్టించుకోకండి.” ఒక్తావ్ మెచ్చుకోలుగా తలూపాడు. పద్ధతి తెలిసిన మనిషి అనుకున్నాడు.

పాత బాంబు షెల్టరది. గోడలు నిలువెత్తు కాంక్రీటు, ఇనప తలుపు, మధ్యలో గాజు గోడ. గాజుకి ఇవతల బీరువా అంత ర్యాకులో రూటర్ హోరుమంటోంది. దాని ముందు నేలలో చిల్లుల పలక ఉంది. కింద నుంచి చల్లగాలి అందులోంచి పైకి తన్నుకొస్తుంటే, రూటర్ ముందు నుంచి పీల్చి వెనక నుంచి వేడిగా వదులుతోంది. ర్యాకు పక్కన కుర్చీలో ఎలుగుబంటిలాంటి కాపలావాడు కూర్చుని ఉన్నాడు. పేరు కొస్తాకె. చేతులు కట్టుకుని మెడ కుదించుకున్నాడు.

ఒక్తావ్ వేషానికి తగ్గట్టు ముందు ఒక ఫ్యాన్ ట్రే బయటికి లాగి నేలమీద పెట్టాడు. మిగతా ఫ్యాన్లు ఆ లోటు పూడ్చడానికి ఇంకా గట్టిగా అరవసాగాయి. రూటర్‌తో మాట్లాడే తీగ, కన్సోల్ కేబుల్, లాప్‌టాప్‌కి తగిలించి దాని మీద వేలు ఆనించాడు. రూటర్ తెరుచుకుంది. దేన్నీ ముట్టుకోకముందే అలవాటుగా ఒక కమాండ్ కొట్టాడు. పావుగంటలో నేను ఆపకపోతే నీకు నువ్వే రీబూట్ అయిపో అని దాని అర్థం. ఏదైనా తప్పు చేసి తనే బయట ఇరుక్కుపోతే, పెట్టె తనంతట తనే పాత సెట్టింగులకి తిరిగొస్తుంది. నెట్‌వర్క్ మనుషులకి అది సీటు బెల్టు.

“ఆ టైమర్ తీసెయ్,” అంది స్మరాండా.

“ఎందుకు?”

చల్లటి ఇనుము అతని మెడని తాకింది.

“మీవాళ్ళ అలవాట్లు నాకు తెలుసు గనక. తియ్యి, బంగారం.”

ఒక్తావ్ తీశాడు. కొస్తాకె తాపీగా లేచి అతని చెయ్యి ర్యాకు కమ్మీకి బేడీతో బిగించాడు. వాడూ మామయ్య మనిషే. స్మరాండా లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, ముందే సిద్ధం చేసుకొచ్చిన నాలుగు లైన్ల కాన్ఫిగరేషన్, అంటే రూటర్‌కిచ్చే ఆదేశాలు, అతికించింది. ఒక పోర్టులోంచి వెళ్ళేదంతా ఇంకో పోర్టులోకి కాపీ అయ్యే ఏర్పాటది. ఆ రెండో పోర్టు నుంచి ఒక తీగ ఆమె సొంత మిషన్‌కి వెళ్ళింది.

“సేవ్ చెయ్యలేదు,” అన్నాడు ఒక్తావ్. నోరు ఊరుకోలేదు, వృత్తి అలాంటిది.

“చెయ్యను. పనయ్యాక స్విచ్ ఒకసారి ఆపి వేస్తా. నా నాలుగు లైన్లూ గాల్లో కలిసిపోతాయి. నువ్వు రిపేరు చేస్తుంటే కరెంటు కొట్టి పోయావని రిపోర్టు నేనే రాస్తా. ఏడుస్తూ రాస్తాలే.” కన్సోల్ కేబుల్ పీకి, చుట్ట చుట్టి కోటు జేబులో వేసుకుంది. “ఇంక దీనితో నువ్వు మాట్లాడలేవు. అది నీతో మాట్లాడదు.”

“మా అన్నని ఏం చేస్తారు?”

“నేనేం చెయ్యను. అడ్రసు పంపిస్తా. కొండల కింద కారు ఒకటి రెడీగా ఉంది.”

ఆమె గాజు తలుపు తెరిచిపెట్టి, గోడలోంచి వచ్చే ఇంటర్నెట్ తీగకి తన మిషన్ తగిలించుకుని అవతలి గదిలో కూర్చుంది. ఒక్తావ్ గుండీ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కితే గుండీ ఊడి చేతిలోకొచ్చింది. ఈ గోడల్లోంచి మాట బయటికి పోయేదే అయితే దీన్ని బాంబు షెల్టర్ అని ఎందుకంటారు?

*

భయం వేసింది. కాళ్ళు చాపినా స్విచ్ అందదు. తీగలన్నీ ర్యాకు వెనక ఉన్నాయి. అరిస్తే ఫ్యాన్ల హోరు మింగేస్తుంది. కళ్ళ ముందే, తను కాపాడటానికొచ్చిన పెట్టె, తను తెరిచి ఇచ్చిన పెట్టె, అన్నని పట్టివ్వబోతోంది. చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు లౌరియాన్ గుమ్మంలో ఆపి, తమ్ముడి మెడకి మఫ్లర్ రెండు చుట్లు చుట్టేవాడు. “గాలి కొడుతుందిరా,” అనేవాడు. వీధి మలుపు తిరగ్గానే ఒక్తావ్ దాన్ని తీసి సంచిలో కుక్కేవాడు. ఆ మఫ్లర్ గుర్తొచ్చి కళ్ళు మండాయి.

కొస్తాకె మెడ రుద్దుకున్నాడు. కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. మళ్ళీ రుద్దుకున్నాడు.

ఒక్తావ్ నేలలోని చిల్లుల పలకని చూశాడు. ఊడదీసిన ఫ్యాన్ ట్రేని చూశాడు. ఆ తర్వాత కొస్తాకె మెడని చూశాడు.

“పట్టేసిందా?” అన్నాడు మెల్లిగా.

“నోర్ముయ్.”

“నాకెందుకులే. ఎటువైపు? ఎడమా?”

కొస్తాకె మెడ పట్టుకునే ఇటు తిరిగాడు. “ఎడమే. ఎట్లా తెలుసు?”

“గాలి అటు నుంచే కొడుతోంది కదా. కింద నుంచి పలక, పక్క నుంచి ఆ గాజు తలుపు. సరిగ్గా రెండిటి మధ్యా కూర్చున్నావు. మా పిన్ని ఇలాగే రైల్లో కూర్చుంది. దిగేసరికి మూతి ఇలా పోయింది.” ఒక్తావ్ మూతి వంకర తిప్పి చూపించాడు. “సూప్ తాగితే సగం గౌను మీదే పడేది, పాపం.”

“మళ్ళీ బాగయిందా?”

“ఎక్కడ బాగవుతుంది? పెళ్ళి ఫొటోలో కూడా అంతే.”

కొస్తాకె తన చెంప తడిమి చూసుకున్నాడు. లేచాడు. ఒక్తావ్ సంచిలోని కొత్త ఫ్యాన్ ట్రే అట్టపెట్టెని విప్పి, పరిచి, చిల్లుల పలక మీద వేశాడు. దాని మీద తన తోలు జాకెట్ పరిచి, కుర్చీ కాళ్ళతో తొక్కిపెట్టాడు.

“ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది,” అన్నాడు.

రూటర్ గొంతు మారింది. వేరేవాళ్ళకి అదంతా ఒకే హోరు. ఒక్తావ్‌కి మాత్రం ఆయాసపడుతున్న మనిషి ఊపిరిలా వినిపించింది. ఆకుపచ్చ దీపాల్లో ఒకటి పసుపు రంగుకి మారింది. కన్సోల్ తీగ ఉండి ఉంటే ఈపాటికి స్క్రీన్ నిండా వార్నింగులు పడేవి. ఆ తీగేమో స్మరాండా జేబులో చుట్ట చుట్టుకుని పడుకుంది.

“ఆ పసుపేంటి?” అన్నాడు కొస్తాకె.

“ఒక ఫ్యాన్ ఊడదీశాను కదా. అలిగింది.”

గాజు తలుపులో స్మరాండా ప్రత్యక్షమైంది. ఒక్తావ్ ఊపిరి బిగబట్టాడు. ఆమె చూపు పలక మీది జాకెట్ దగ్గర ఆగింది. ఈ మనిషికి రూటర్ తెలుసు, టైమర్ తెలుసు, సేవ్ తెలుసు. గాలి సంగతి తెలియకుండా ఉంటుందా? ఇక అయిపోయింది అనుకున్నాడు.

“మంచి పని చేశావు,” అంది ఆమె కొస్తాకెతో. “కాళ్ళు గడ్డకట్టి చస్తున్నా. నిన్నటి నుంచీ పన్ను కూడా పీకుతోంది. ఇదిగో, ఆ మూల ఇంకా వస్తోంది, దీంతో కప్పు.” ఒంటెరంగు కోటు విప్పి విసిరింది. గాజు తలుపు గట్టిగా మూసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఒక్తావ్ తలవంచుకుని దగ్గాడు. లేకపోతే పైకే నవ్వేసేవాడు.

*

పదకొండు. గాజు అవతల స్మరాండా స్క్రీన్ మీద ఒక పక్క కోర్టు హాలు, ఒక పక్క దేశం మ్యాపు ఉన్నాయి. శాఖ మనిషిగా కోర్టు లింకు ఆమె దగ్గర అధికారికంగానే ఉంది. మరుక్షణం కోర్టు పక్కన లౌరియాన్ ముఖం వెలిగింది.

చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. ఒక్తావ్ బేడీ తెగేలా ముందుకు వంగాడు. మాటలు వినపడవు గానీ, అన్న చేసిన మొదటి పని కనిపించింది. వెనక్కి తిరిగి ఎవరికో చెయ్యి ఊపి, కిటికీ వేయించాడు. మెడకి మఫ్లర్ ఉంది. రెండు చుట్లు.

మ్యాపు మీద అన్న ఉన్న ఇంటిని వెతికే ఎర్ర వలయం తిరగడం మొదలెట్టింది. దేశమంతా ఉన్న వలయం పడమటి కొండల దాకా కుంచించుకుంది. స్మరాండా తన మిషన్ నెట్‌తో నడిచే ఫోన్ చెవిన పెట్టుకుంది. వలయం ఒక జిల్లా అయింది. తర్వాత ఒక లోయ అయింది. ర్యాకులోంచి వేడి ఒక్తావ్ ముఖాన్ని కాలుస్తోంది. దీపాలన్నీ పసుపై, తర్వాత ఎర్రబడ్డాయి. వేడి మితిమీరితే తనంతట తనే ఆరిపోవాల్సిన ఆ పెట్టె, ఊపిరి ఆడకపోయినా ఇంకా మొండిగా పనిచేస్తూనే ఉంది. మంచి హార్డ్‌వేర్‌ని తిట్టుకున్న ఇంజనీరు లోకంలో అతనొక్కడే అయి ఉంటాడు.

“చావవే,” అన్నాడు పళ్ళ బిగువున. “చచ్చిపోవే, తల్లీ!”

వలయం మూడు ఇళ్ళ మీదికొచ్చింది. తర్వాత రెండు ఇళ్ళ మీదికి.

హోరు ఆగిపోయింది.

అంత నిశ్శబ్దాన్ని ఆ గది ఎప్పుడూ ఎరగదు. మ్యాపు రెండిళ్ళ మీద బిగుసుకుని, తెల్లబోయి, మాయమైంది. లౌరియాన్ నోరు తెరిచిన చోటే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మాట్లాడసాగాడు. సిబియు రూటర్ అందుకుంది. అక్కడ స్మరాండా నాలుగు లైన్లు లేవు.

ఆమె పరిగెత్తుకొచ్చింది. “ఏం చేశావ్?”

“నేనా? కట్టేసి ఉన్నా కదా.”

స్విచ్ ఆపి, వేసి, గుద్దింది. రూటర్ తాపీగా దీపాలు వెలిగించుకుంటూ లేవడం మొదలెట్టింది. ఇంత పెద్ద పెట్టెకి నిద్ర లేవడానికి కాఫీ కాచుకుని తాగేంత సేపు పడుతుంది. లేచినా సేవ్ చేసిన పాత సెట్టింగులతోనే లేస్తుంది. ఆ సంగతి ఆమె అతనికే పాఠం చెప్పి గంట కాలేదు. స్మరాండా రంగు పోయిన ముఖంతో ర్యాకుని చూసింది. తర్వాత పలక మీద పరిచిన తన కోటుని చూసింది. ఆమె చెవి దగ్గర ఫోన్‌లో ఎవరో పరాయి భాషలో అరుస్తున్నారు. గాలి కొడుతుందని కప్పామంటే ఆ విదేశీ మామయ్యకి ఏం అర్థమవుతుంది?

ఇనప తలుపు బద్దలైంది. ఆయుధాలతో ఆరుగురు, వెనక కర్నల్ బెజాన్ లోపలికొచ్చారు. స్మరాండా తుపాకీ నేలమీద పెట్టేసింది. కొస్తాకె అంతకుముందే చేతులెత్తి, మెడ నొప్పికి ఒకటి దించాడు.

కర్నల్ ర్యాకుని, కోటుని, బేడీని చూశాడు. ఏదో అనబోయి వెనక్కి తిరిగాడు.

“ముందా తలుపు మూయండయ్యా!”

*

మూడో రోజు ఒక్తావ్ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. మెడ ఎటూ తిరగడం లేదు. డాక్టరు వైరస్ అన్నాడు. పక్కింటి ముసలమ్మ చెప్పింది మాత్రం వేరే.

ఫోన్ మోగింది. ముఠాలో సగంమంది లోపల ఉన్నారు గనక, కర్నల్ ఈ ఒక్క కాల్‌కి అనుమతి ఇచ్చాడు.

“ఒరేయ్,” అన్నాడు లౌరియాన్.

ఒక్తావ్‌కి మాట బొంగురుగా వచ్చింది.

“అన్నయ్యా!”

“ఆ గొంతేంట్రా? ఎక్కడో రెండు తలుపుల మధ్య కూర్చుని ఉంటావు.”

ఆ రూటర్ గదిలో జరిగిందంతా ప్రభుత్వ రహస్యం. చెబితే జైలు.

“లేదన్నయ్యా,” అన్నాడు ఒక్తావ్, మఫ్లర్ రెండో చుట్టు చుట్టుకుంటూ. “రెండూ మూసే ఉన్నాయి.”